మారుపలుకుకి ప్రాణమెంత?

నేను ఒక అట్టముక్కని. పుట్టుక మాత్రం గొప్పదే. ఏలూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సుకి శుభలేఖల కోసం వచ్చిన మీగడరంగు అట్టల కట్టలో నేనూ ఒకదాన్ని. నా తోటివాళ్లంతా నాలుగు మూలలా పసుపు రాయించుకుని ఊరూరా పెళ్లిపిలుపులకి వెళ్లారు. నేను మాత్రం కత్తిరించేటప్పుడు జారి వంకరగా తెగాను. వంకర శుభలేఖని ఏ పెళ్లివారు పంచుతారు? చెత్తబుట్టలో పడేశారు.

అందులోంచి నన్ను తీసింది వనజ. ఆ ప్రెస్సులో కంప్యూటర్ మీద శుభలేఖలు కూర్చే మనిషి. వారమంతా ఎవరెవరి పెళ్లిళ్లకో "మా ఆహ్వానమును మన్నించి" అని కొట్టి కొట్టి విసుగెత్తి, ఆదివారం మధ్యాహ్నం మేడమీద గదిలో దయ్యాల్ని తయారుచేసేది. నవ్వకండి, నిజమే. ఆమెకీ, ఆమెతో చదువుకున్న కరుణాకర్‌కీ, బొమ్మలు వేసే సలీంకీ ఒకటే పిచ్చి. ఎప్పుడో ఒక పిల్లల పత్రికలో వచ్చిన 'తొమ్మిది వాగుల దేశం' అనే సీరియల్. పత్రిక మూతపడి కథ సగంలో ఆగిపోయింది. వీళ్లు ఆగలేదు. అందులోని జీవులన్నిటినీ పట్టుకొచ్చి ఒక ఆటగా మార్చడం మొదలుపెట్టారు. ఒకరు కథ చెప్తారు. మిగతావాళ్లు అందులో బాటసారులై, ఏం చేస్తారో నోటితో చెప్పి పాచిక వేస్తారు. ఒక్కో జీవికి ఒక్కో అట్ట. పైన బొమ్మ, కింద మూడు గడులు: బలం, భయం, ప్రాణం. దెబ్బ తగిలినప్పుడల్లా పాచిక మీద ఎంత పడితే అంత ప్రాణంలోంచి తీసేస్తారు. సున్నాకి వస్తే చచ్చినట్టే. చావుని ఇంత తేలిక చేయడం మనుషులకే చెల్లింది.

నా మీదికి మారుపలుకు వచ్చింది. కథలో దానికి ఒళ్లు లేదు. పొగమంచులో ఉండి, దారిన పోయేవాణ్ని అతను మళ్లీ వినాలని తపించే మనిషి గొంతుతో పిలుస్తుంది. ఆగినవాడు అక్కడే కూర్చుండిపోతాడు. సలీం పెన్సిల్ పొడిని వేలితో రుద్ది నా మీద ఉత్త పొగమంచు వేశాడు. వనజ బలం సున్నా వేసింది, భయం తొమ్మిది వేసింది. ప్రాణం దగ్గర పెన్సిల్ ఆనించగానే సలీం చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా. అంకె వేశావంటే కరుణన్న దాన్ని చంపేదాకా నిద్రపోడు."

"అంకె లేకపోతే ఆటలోకి ఎలా వస్తదిరా?"

"చావకుండా రానీ. కథలో కూడా దాన్నెవరూ చంపలేదుగా."

గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ వానాకాలంలో సలీంకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మాత్రలు మింగి తిరిగాడు, అయిదో రోజు ఆసుపత్రిలో చేర్చారు, వారం తిరక్కుండా పోయాడు. ఇరవై మూడేళ్లు. నన్ను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూతేశారు.

మళ్లీ వేసవిలో గానీ వాళ్లకి ఆడబుద్ధి కాలేదు. వనజ కథ చెబుతోంది, కరుణాకర్ బాటసారి. వాగు దాటగానే ఎదురయ్యే జీవిని డబ్బాలోంచి చూడకుండా తియ్యాలి. ఆమె చేతికి నేను తగిలాను. వెనక్కి పెట్టేసి ఇంకోటి తీయొచ్చు. తియ్యలేదు. నన్ను బల్లమీద పెట్టి, "పొగమంచు. అందులోంచి ఎవరో పిలుస్తున్నారు," అని గొంతు తగ్గించి అంది: "అప్పుడే లేస్తన్నావేంటన్నా, కూర్చో."

బస్సుల గ్యారేజీలో డ్యూటీకని కరుణాకర్ లేచినప్పుడల్లా సలీం అనే మాట అది. కరుణాకర్ చేతిలోని పాచిక కింద పెట్టేశాడు.

"నా బాటసారి కూర్చున్నాడు," అన్నాడు.

పై ఆదివారం కూడా అదే మాట. ఆ పై ఆదివారం కూడా. తర్వాత మామూలు రోజుల్లో కూడా డ్యూటీ ఎగ్గొట్టి వచ్చి, నన్ను బల్లమీద పెట్టించుకుని కబుర్లు చెప్పేవాడు. గ్యారేజీవాళ్లు రెండుసార్లు కాగితం పంపారు, ఇంకోసారైతే ఉద్యోగం ఉండదని. అతనికి చీమ కుట్టినట్టైనా లేదు. సలీం మాటలతో జవాబులు చెప్పీ చెప్పీ వనజ చిక్కిపోయింది. ఒకరోజు ఆమె జవాబివ్వలేదు. కిటికీ వైపు తిరిగి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అయినా కరుణాకర్ తలూపి, "సర్లేరా, ఇంకాసేపుంటాను," అన్నాడు. ఎవరితో? వనజ పెదవి కదపలేదు. నేను మాట్లాడేదాన్ని కాదు. కానీ ఆ క్షణాన నా మీది పొగమంచు నాకు వెచ్చగా తగిలింది. తల్చుకుంటే ఇప్పటికీ నాకే భయం.

వనజ అది విని గిర్రున ఇటు తిరిగింది. పెన్సిల్ తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఒరేయ్ కరుణా, దీనికి ప్రాణం వేస్తావా, చింపెయ్యమంటావా?"

"వాడు వద్దన్నాడు కదే."

"వాడు మారుపలుకుని చంపొద్దన్నాడు. నిన్ను చావమన్లేదు."

కరుణాకర్ పెన్సిల్ అందుకున్నాడు. గడిలో నూరు వేశాడు. మా ఆటలో ఎంత రాక్షసికైనా ముప్ఫై దాటదు. "నిండు నూరేళ్లు ఉండాల్సినోడు," అన్నాడు. వనజ సరేనంది గానీ షరతు పెట్టింది. ఆదివారమొక్కటే రావాలి, ముందు ఒక దెబ్బ వెయ్యాలి, ఆ తర్వాతే కబుర్లు.

అలా నన్ను చంపడం మొదలైంది. పాచిక మీద ఒకటి పడితే కరుణాకర్‌కి పండగ. ఆరు పడితే ఆ పూట మాటల్లేవు. తొంభై ఎనిమిది, తొంభై రెండు, తొంభై ఒకటి. ప్రతివారం రబ్బరుతో చెరిపి మళ్లీ రాయడం. అతను డ్యూటీకి వెళ్లసాగాడు. అరవైల్లో ఉండగా ఓ ఆదివారం ఆలస్యంగా వచ్చాడు. నలభై కిందికి దిగాక కబుర్లు పొట్టివయ్యాయి. డిపోకి కొత్త బస్సులొచ్చాయనీ, వాటి బ్రేకులు బాలేవనీ, అంతే. మనుషుల దుఃఖం కూడా షిఫ్టు వేళలకి సర్దుకుంటుంది.

పంతొమ్మిది చెరిపి పదిహేను రాయబోతుండగా నేను చిరిగాను. శుభలేఖ అట్ట ఒక్కసారి అచ్చు పడటానికి చేసింది, ఇన్నిసార్లు రుద్దించుకోవడానికి కాదు. ప్రాణం ఉండాల్సిన చోట చిల్లు పడి, పెన్సిల్ మొన అవతలికి దిగింది.

"వేరే అట్ట మీద రాసుకుందామా?" అంది వనజ మెల్లగా.

కరుణాకర్ నన్ను పైకెత్తి ఆ చిల్లులోంచి వెలుతురు చూశాడు.

"వద్దులే. చావలేదుగా," అన్నాడు. నన్ను వనజ చేతికిచ్చి అన్నాడు, "నా బాటసారి లేచాడు. నడుస్తున్నాడు."

"వెనక్కి చూస్తున్నాడా?"

"లేదు."

వనజ కళ్లు తుడుచుకుని నవ్వింది. నన్ను డబ్బాలో పెట్టింది గానీ మూత వెయ్యలేదు. అతను బాగుపడినందుకు నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. అయినా అన్నాళ్లు నాతో మాట్లాడిన మనిషి. మెట్లు దిగిపోతుంటే ఉండబట్టలేక సలీం గొంతుతో పిలిచాను. చెప్పుల చప్పుడు ఒక మెట్టు మీద ఆగింది. తర్వాత కిందికి దిగిపోయింది.