పిక్చర్ ట్యూబులో మిగిలిన కరెంటు

పాత సామాన్ల దుకాణం వెనక, విరిగిన టీవీల గుట్ట ముందు గొంతుక్కూర్చుని మెకానిక్కు ఒక్కో బోర్డూ తిరగేసి చూస్తున్నాడు. ఇంట్లో ఉన్న ఓ పాత కంప్యూటర్‌కి తెర మీద బొమ్మ వణుకుతోంది. దానికి కావలసిన కాయిల్ కొత్తది దొరకడం ఏనాడో మానేసింది. ఇలాంటి చెత్తలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

అతన్ని మెకానిక్కు అని పిలిచేది ఇప్పుడు బావ ఒక్కడే. ఒకప్పుడు వీధి వీధంతా అలాగే పిలిచేది. చదువు మధ్యలో మానేసి టీవీలు బాగుచేయడం నేర్చుకున్నాడు, దాంతోనే ఇల్లు నిలబెట్టాడు. గోడకి పలకల్లా అతుక్కునే టీవీలు రావడంతో ఆ విద్య కాస్తా అటకెక్కింది. పని నేర్పమని వెంటపడ్డవాళ్లే ఇప్పుడు ఎదురుపడితే ఫోన్లోకి తల దూరుస్తారు. ఆ కడుపుమంటతోనే అతను జనం పారేసిన కంప్యూటర్లు పోగెయ్యడం మొదలుపెట్టాడు. తెరా యంత్రమూ ఒకే పెట్టెలో ఉండేవి, టకటకమని మోత పెట్టే కీబోర్డులు, కడుపులో బంతి ఉన్న మౌసులు, బూజు పట్టిన ఫ్లాపీలు. పసుపెక్కిన ప్లాస్టిక్కుని తెల్లగా తోమి, తుప్పు గీకి, అన్నిటినీ వెనకగదిలో వరసగా పేర్చాడు. పనికిరానివన్నీ ఒక్కచోటే చేరాయని భార్య అనేది. ఆ లెక్కలో అతన్ని కూడా కలిపే అనేది.

ఆ గదిలో మనసుపెట్టి కూర్చున్న మనిషి బావ ఒక్కడే. బావ అంటే అక్క మొగుడు. బట్టలు కుట్టి కుట్టి నడుం వంగింది, చెవులు బాగా మందగించాయి. ఈమధ్య గుండె లయ తప్పుతోందని డాక్టర్లు ఛాతీలో చర్మం కింద బ్యాటరీ యంత్రం ఒకటి అమర్చారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే అక్క అతన్ని తీసుకొచ్చి దింపింది. ఇంట్లో ఉంటే నా ప్రాణం తోడేస్తున్నాడురా, నీ బొమ్మల దగ్గర కూర్చోబెట్టుకో అంది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, మనిషిని నీ చేతుల్లో పెడుతున్నాను, గుర్తుంచుకో అంది.

బావ పెయింటు బ్రష్షు పుచ్చుకుని, చొక్కా అంచున మిగిలిన దారాలు ఏరినంత ఓపిగ్గా కీల మధ్య దుమ్ము ఏరేవాడు. అతనికి మెకానిక్కు నేర్పిన నియమం ఒక్కటే. పిక్చర్ ట్యూబు ఉన్న యంత్రాన్ని ఆపేసినా, ప్లగ్గు పీకేసినా, ట్యూబులో కరెంటు దాక్కునే ఉంటుంది. ట్యూబు పక్కన రబ్బరు టోపీ ఒకటుంటుంది, దాని కింద. ఆ కరెంటు తీసేదాకా యంత్రం మీద ఎర్రగుడ్డ వేలాడుతుంది. గుడ్డ ఉంటే చెయ్యి పెట్టకూడదు, లేకపోతే తుడుచుకోవచ్చు. అరిచి చెప్పే పని లేని ఈ ఏర్పాటు బావకి బాగా నచ్చింది. ఇంట్లో మిగతావాళ్లకి చెప్పాల్సిన పని మెకానిక్కుకి కనబడలేదు. వాళ్లెప్పుడైనా అడిగితే కదా.

ఆ పొద్దున అతను ఆ కంప్యూటర్ పెట్టె మూత విప్పి, ఆన్ చేసి, బొమ్మ వణకడం చూసి ఆపేశాడు. కాయిల్ తెచ్చాక మళ్లీ ఆన్ చెయ్యాల్సిందే కదా అని ట్యూబులో కరెంటు తియ్యలేదు. ఎర్రగుడ్డ కప్పేసి వచ్చేశాడు.

ఫోన్ మోగింది. భార్య. గ్యాస్ అయిపోయిందన్న కబురుతో మొదలుపెట్టి, నీ గది ఊడ్చానంటూ దెప్పిపొడుపులోకి దిగింది. మసిగుడ్డలన్నీ కంపు కొడుతున్నాయంది.

"ఆ ఎర్ర పీలిక కూడా బకెట్లో నానబెట్టేశా."

మెకానిక్కు చేతిలోని బోర్డు పక్కన పడేశాడు.

"బావ ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటారు? లోపల. దాని పొట్టలో తలకాయ పెట్టి తుడుస్తున్నారు."

 బావని పిలవమందామని మెకానిక్కు నోరు తెరిచి, ఆగిపోయాడు. గట్టిగా అరిస్తే తప్ప బావకి వినబడదు. అరిస్తే ఉలిక్కిపడతాడు. వెనకనుంచి భుజం తట్టినా అంతే, కుర్చీలోంచి ఎగిరిపడే మనిషి. ఆ ఉలికిపాటుకి చెయ్యి ఎటు పోతుందో! బ్రష్షు మెడ చుట్టూ ఇనప రేకుంది. ఆ రేకు రబ్బరు కిందకి దూరితే, మామూలు మనిషికైతే చెయ్యి విసిరికొట్టి వదిలేస్తుందేమో. ఆ ఛాతీలో ఉన్న యంత్రం సంగతి ఎవరికి తెలుసు?

పక్కన దుకాణం యజమాని ఫ్రిజ్ తలుపు మీద సుత్తి వేస్తున్నాడు. మెకానిక్కు చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇంట్లోంచి ఫోనా, సరే, మాకూ ఉంది ఆ జబ్బు అని నవ్వాడు యజమాని. మెకానిక్కు మొహం చూశాక సుత్తి నేలమీద పెట్టేశాడు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి," అన్నాడు మెకానిక్కు.  "గదిలోకి వెళ్లకు. పిలవకు, ముట్టుకోకు. బయటినుంచి చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి పో."

ఎందుకని అడిగిందామె. బావ పోతాడే అన్నాడు. ఆ తర్వాత ఆమె ఇంకేమీ అడగలేదు. పెళ్లయ్యాక అలా ఎదురు మాట్లాడకుండా విన్నది అదే మొదలు. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

చెప్పుల చప్పుడు, ఇనప గేటు కిర్రుమనడం, ఎండుటాకులు. తర్వాత ఊపిరి. బావ కిటికీ వైపు మొహం పెట్టి, వెలుతురు కోసం పెట్టెని ముందుకి లాక్కుని కూర్చుంటాడు.

"కనబడుతున్నారు," అంది గుసగుసగా. "మోచెయ్యి దాకా లోపలే ఉంది."

"ఒక్కసారిగా ఎదురుపడకు. మెల్లిగా వెలుగుకి అడ్డంగా జరుగు. మబ్బు పట్టినట్టుండాలి."

ఫోన్లో ఎండుటాకులు మళ్లీ కరకరమన్నాయి. మెకానిక్కుకి అరవాలనుంది, అరిస్తే ఆమె చేతిలోని ఫోన్లోంచి ఆ అరుపు కిటికీ దాటుతుందేమోనని పెదవి కొరుక్కున్నాడు. అక్క గుమ్మంలో నిలబడ్డ తీరు కళ్లముందు ఆడింది. ఆమెకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో కూడా మనసు అప్పుడే వెతుక్కుంటోంది. ఛీ అనుకున్నాడు. మనసు ఆగలేదు.

"తలెత్తారు," అంది భార్య. "నవ్వుతున్నారు. చెయ్యి... చెయ్యి బయటికి తీశారు. టీ అని సైగ చేస్తే లేచి వస్తున్నారు."

ఆ తర్వాత ఆమె ఏడుపు వినబడింది. మెకానిక్కు ఫోన్ జేబులో పడేశాడు. కాయిల్ సంగతే మరిచిపోయి ఇంటిదారి పట్టాడు.

అతను వచ్చేసరికి బావ ముందుగదిలో టీ తాగుతున్నాడు. నాకు టీ ఇవ్వడానికి మీ ఆవిడ దొంగలా కిటికీకి వచ్చిందేమిట్రా మెకానిక్కూ అని నవ్వాడు. మెకానిక్కు నేరుగా వెనకగదిలోకి నడిచాడు. బావ వెంట వచ్చాడు. గుమ్మం దగ్గరే ఉండమని మెకానిక్కు చేత్తో ఆపాడు.

స్క్రూడ్రైవర్‌కి తీగ చుట్టి, రెండో కొస పెట్టె లోపలి ఇనప చట్రానికి తగిలించాడు. ఎన్ని వందల టీవీలకి చేశాడో ఆ పని! ఇప్పుడు మొన రబ్బరు అంచు దొరక్క రెండుసార్లు జారింది. షాక్ కొట్టినా గుండెలోంచి పోకుండా ఎడంచెయ్యి వీపు వెనక పెట్టుకుని మొన లోపలికి తోశాడు.

ఠప్పుమంది. నీలంగా మెరిసింది.

ఆ చప్పుడు బావకి కూడా వినబడింది. అతని చెయ్యి దానంతటదే చొక్కా మీదికి, ఛాతీ మీద ఉబ్బెత్తుగా ఉన్న చోటికి వెళ్లింది. 

"ఆ రబ్బరు కిందే మట్టి ఎక్కువుంది," అన్నాడు చివరికి. "టీ తాగొచ్చి తీద్దామనుకున్నా."

మెకానిక్కు మళ్లీ మొన దూర్చాడు. ట్యూబు ఒకసారి ఖాళీ అయినా కొంచెం కొంచెంగా కరెంటు మళ్లీ ఊరుతుంది. ఈసారి సన్నగా చిటుక్కుమంది. కాసేపాగి ఇంకోసారి పెట్టాడు. ఏ చప్పుడూ లేదు. మళ్లీ పెట్టాడు. లేదు.

"అయిపోయిందా? రానా?" అన్నాడు బావ, గుమ్మంలో బ్రష్షు పట్టుకుని.

అయిపోయింది. చేతులు రెండూ పెట్టినా ఏమీ కాదు. మెకానిక్కుకి తెలుసు. అయినా తిరిగి చూడకుండా, గట్టిగా, బావకి వినబడేలా చెప్పాడు.

"ఇంకా లేదు బావా. నువ్వక్కడే ఉండు."