ఏసేపు పళ్లెంలో నీళ్లు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఏసేపు చేసే మొదటి పని పళ్లెం చూడడం. ఆదోనిలో ఇనుము తిప్పి బండి సామాన్లు చేసే ఆ లేతు షాపు పద్ధతే అంత. సాయంత్రం తయారైన సామాను ఇత్తడి పళ్లెంలో పెట్టాలి, తెల్లారి చూడాలి. పొడిగా ఉంటే ఇచ్చేయొచ్చు. పనిలో లోపముంటే ఇనుముకు చెమట పట్టి పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి. దాన్ని తుక్కులో పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. నీళ్లను మాత్రం పారబోయరు. ఆదోనిలో నీళ్లెవరు పారబోస్తారు? పక్కన కిరాణా కొట్టు నడిపే రాజ్యలక్ష్మమ్మ చెంబులో పట్టుకుపోయి తన కనకాంబరం మొక్కకు పోసుకునేది.

ఒకప్పుడు ఆమె ఎప్పుడో గానీ వచ్చేది కాదు. పాత క్యాంపర్ వ్యాన్లకు, అదే, లోపల పడకా పొయ్యీ పెట్టుకుని ఇల్లులా తిరిగే బండ్లకు, సామాన్లు చేయడంలో ఏసేపుకు పెద్ద పేరు. కంపెనీవాళ్లు ఆ సామాన్లు మానేసి ఏళ్లయింది. బజార్లో దొరికేవి తళతళలాడతాయి గానీ మెత్తటి ఇనుము, ఇట్టే అరిగిపోతాయి. ఏసేపు పాత లారీ యాక్సిల్ ముక్క కోసి చేసిన పిన్ను బండికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

అలాంటిది, ఈ ఏడు వానల్లేక వీధిలో చెట్లన్నీ మాడిపోతే రాజ్యలక్ష్మమ్మ కనకాంబరం మాత్రం విరగబూసింది. ఏసేపు చెయ్యి వణుకుతోందని వీధంతా ఆ పూలు చూసే తెలుసుకుంది. ఆమె ఆ పూలు పెట్టుకుని ఎదురైతే ఏసేపు తల తిప్పుకునేవాడు.

సరిగ్గా అప్పుడే శివలీల వచ్చింది. కోసిగి నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కూలీల వెంట పోయి, వాళ్ల పిల్లలకు పాత క్యాంపర్ వ్యానులోనే బడి చెబుతుంది. బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే కింగ్ పిన్ను అరిగిపోయింది.

“నల్లమల ఘాటు దిగాల ఏసేపన్నా. బండి నిండా పిల్లోళ్లుంటారు. నువ్వు చేసిందైతేనే నాకు ధైర్యం,” అంది.

ఆ మాటకు ఏసేపు పొంగిపోయాడు. మొదటి పిన్నుకు చెమట పట్టింది. రెండోదానికీ పట్టింది. అప్పటికే శివలీల పిల్లల్ని ఎక్కించుకుని వాకిట్లో నిలబడింది. పేరు పోతుందన్న భయంతో ఏసేపు ఎన్నడూ చేయని పని చేశాడు. ఆ రెండో పిన్నును తువ్వాలుతో తుడిచి బిగించేశాడు.

బండి కదిలింది. దాని వెనకే రోడ్డు మీద సన్నటి నీటిగీత. రేడియేటర్ నీళ్లులే అనుకుందామంటే అది గాలికే చల్లబడే పాతకాలం ఇంజను, ఆ బండికి అసలు రేడియేటరే లేదు. వెనకద్దంలోంచి పిల్లలు టాటా చెబుతున్నారు. ఏసేపు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

“టీచరమ్మా! నిలుపు, నిలుపు!”

మలుపు దగ్గర బండి ఆగింది. రొప్పుతూ తలుపు పట్టుకున్నాడు. “ఆ పిన్ను పనికిరాదమ్మా. నా చెయ్యి చెడింది. తెలిసే తుడిచి ఇచ్చినా. పిల్లోళ్లను దించు.”

శివలీల మొహం పాలిపోయింది. “ఇంకెవరు చేస్తారన్నా? మాకు యాడ దొరుకుతాది?”

“లేతు నేను తిప్పుతా,” అంది అతని భార్య వరమ్మ. మొగుడి చెప్పులు పట్టుకుని వెనకే వచ్చింది. “నువ్వు పక్కన కూచుని చెప్పు.”

నీకేం తెలుసనబోయి ఏసేపు ఆగిపోయాడు. పెళ్లయిన నాటినుంచీ నిండా టీ పోసిన గ్లాసును ఆ చేతులు ఒక్క చుక్క తొణక్కుండా అందిస్తున్నాయి. ఆ సంగతి అతనికి ఇప్పుడు తట్టింది.

బండిని మెల్లగా వాకిట్లోకి తోసుకొచ్చాక వరమ్మ లేతు ముందు నిలబడింది. ఏసేపు కళ్లు మూసుకుని చప్పుడు విన్నాడు. “నిదానం, నిదానం. శానా అరుస్తాండాది చూడు, నూనె పొయ్యి.” వాకిట్లో వ్యానులోంచి పిల్లల ఎక్కాలు వినబడుతున్నాయి. వరమ్మ మొదటి పిన్నుకూ చెమట పట్టింది. తర్వాతిదానికీ పట్టింది గానీ కాస్త తక్కువ. అలవాటుగా రాజ్యలక్ష్మమ్మ ఆ నీళ్లూ పట్టుకుపోయింది.

మూడో పిన్ను పళ్లెంలో పెట్టిన మర్నాడు ఆమె చెంబుతో వచ్చేసరికి ఏసేపు పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు.

“ఈ పొద్దు నీళ్లు లేవక్కా,” అన్నాడు.

ఆమె పళ్లాన్ని వేలితో తడిమింది. తన జడలోని కనకాంబరాలు తీసి వరమ్మ జడలో పెట్టింది. ఏసేపు ఈసారి తల తిప్పుకోలేదు.

పిన్ను బిగించాక వ్యాను గుంటూరు దారి పట్టింది. అది మలుపు తిరిగేదాకా ఏసేపు రోడ్డు నడిమధ్యన నిలబడి చూశాడు. ఎక్కడా బొట్టు తడి లేదు. పొడి నేలను చూసి అంత సంతోషపడ్డవాడు ఆదోనిలో అతనొక్కడే.