చెక్కపెట్టెకు కొత్త రంగు

చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు సర్దుకోవడం అందరికీ అలవాటే. ఆ వారం పెద్ద కోర్టులోనూ అదే హడావిడి. విరిగిన బెంచీలు మాయమయ్యాయి. ఏళ్ళ తరబడి కదలని ఫ్యాన్లు తిరిగాయి. ప్రభుత్వం జడ్జీల మీద పెత్తనం చేస్తోందని బయటి దేశాలు నిలదీశాయి. వ్యాపార ఒప్పందం నిలవాలంటే తాము చూసి నమ్మాలంటూ పరిశీలకులను పంపుతున్నాయి. అందుకే అటక మీది చెక్కపెట్టె కిందికి దిగింది.

ఆ పెట్టె సంగతి రిటైరైన పెద్ద జడ్జిగారు చెబితేనే వినాలి. ఆయన రోజుల్లో ఏ కేసు ఎవరి దగ్గరికి వెళ్ళాలో అదే తేల్చేది. ఒక్కో జడ్జికి ఒక్కో రంగు బిళ్ళ. కేసు వేసిన మనిషే అందరి ముందూ పెట్టెలో చెయ్యి పెట్టి ఒకటి తీయాలి. మంత్రిగారైనా అంతే, కూరలమ్మే ఆమె అయినా అంతే. ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లల్లా జడ్జీలు గోడవారన నిలబడేవారు. చిక్కు కేసు తగిలినవారు ఆ పూట అందరికీ టీ ఇప్పించాలి. ఎంత నవ్వుకునేవారో. కొత్త చట్టంతో పెట్టె అటకెక్కింది, కేసులు పంచే పని మంత్రి కార్యాలయానికి పోయింది.

ఆయన కూతురూ జడ్జే. మంత్రి బావమరిదికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిందని ఆమెను సరిహద్దు ఊరికి బదిలీ చేశారు. మంచం పట్టిన అత్తగారిని, బడికెళ్ళే పిల్లను వదిలి వెళ్ళాలి.

ఒక అధికారి పెద్దాయన ఇంటికొచ్చాడు. "సార్, పరిశీలకులకు మీ చేత్తో పెట్టె చూపించండి. ఇప్పటికీ వాడుతున్నామని ఒక్క మాట అనండి చాలు. అమ్మాయిగారి బదిలీ సంగతి మేం చూసుకుంటాం."

అతను వెళ్ళాక కూతురు అంది. "నా గురించి ఆలోచించకండి నాన్నా."

"నీ గురించి కాక ఇంకెవరి గురించి ఆలోచిస్తానే?" అన్నాడాయన.

పరిశీలకులు వచ్చిన రోజు కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. పెద్దాయన పెట్టెలో చెయ్యి పెట్టాడు. వేలమంది చేతులు తగిలి నున్నబడిన అంచు ఇప్పుడు జిగటగా ఉంది. ఎదురుగా కూతురు తల దించుకుని కూర్చుంది. ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత అరచెయ్యి పైకెత్తి చూపించాడు. చేతి నిండా పచ్చి రంగు.

"దీన్ని వాడటం లేదండీ. మీరొస్తున్నారని రంగు వేశారు. అది ఇంకా ఆరలేదు," అని పరిశీలకులతో చెప్పి, వెనక బెంచీల్లో కూర్చున్న ఊరి జనం వైపు తిరిగాడు. "వీళ్ళు అడిగారు, సంతోషం. కానీ నాకు సిగ్గుగా ఉంది. పెట్టెను అటకెక్కించిన రోజున మనమంతా పేపర్లో చదివి పేజీ తిప్పేశాం. రేపు వీళ్ళు వెళ్ళిపోతారు. ఆ తర్వాత అడగాల్సింది ఎవరు?"



బదిలీ ఆగలేదు. స్టేషన్లో కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "గోళ్ళలో రంగు ఇంకా పోలేదు నాన్నా."

"నా మీద కోపమొచ్చిందా తల్లీ?"

"వస్తే మీకు చెప్పనా?" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

రైలు కదిలింది. సాగనంపడానికి వచ్చినవాళ్ళలో ఆనాటి వెనక బెంచీల మనుషులు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఇళ్ళకు పోలేదు. అటునుంచి అటే, పెద్దాయనను ముందుంచుకుని, కోర్టుకు నడిచారు. బయటివాళ్ళు అడిగితే పెట్టెకు రంగు పడుతుంది. అది మళ్ళీ మనుషుల చేతుల్లో అరగాలంటే మాత్రం ఇంటివాళ్ళే అడగాలి.