అద్దెకారులో పచ్చడి బండ

నేను ఒక పచ్చడి బండను. రోట్లో మిరపకాయలు నూరే రాతి బండను. జానెడు పొడుగు, నల్లటి ఒళ్లు, ఒళ్లంతా వెండి చుక్కలు. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. ఎవరు నేర్పారు గనక? నేను పుట్టిందే పేలుడులో. చీమకుర్తి క్వారీలో మందు పెట్టి కొండను పేలిస్తే ముక్కనై ఎగిరిపడ్డాను. ఖరీదైన పలకలన్నీ లారీలెక్కి ఓడరేవుకు పోయాయి. తుక్కులో మిగిలిన నన్ను బత్తుల యల్లమంద అనే రాళ్లు కొట్టే మనిషి ఏరుకొచ్చి చెక్కాడు. చెక్కాడని మర్యాదకు అంటున్నాను, నిజానికి చావగొట్టాడు. పొద్దస్తమానం ఉలి, సుత్తి. ఆ దెబ్బల్లోంచే ఈ ఆకారం వచ్చింది కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు. నాకు తోడుగా ఒక చిన్న రోలును కూడా చెక్కి, మా ఇద్దరినీ అద్దంకి రోడ్డు పక్కన అమ్మకానికి పెట్టాడు.

మమ్మల్ని కొన్నది ధాత్రి. జార్జియా దేశంలో డాక్టరు చదువుకు బయలుదేరిన అమ్మాయి. మిక్సీలో తిప్పిన పచ్చడి ఆమెకు గొంతు దిగదట. విమానాశ్రయంలో పెట్టె బరువు ఎక్కువైందన్నారు. ఆమె పెట్టె విప్పి, రోలును తీసి చెత్తడబ్బా పక్కన పెట్టేసింది. పుస్తకాలు తియ్యొచ్చుగా! వాటిని ఆమె ఇంతవరకూ తెరవలేదు. నా రోలు అక్కడే కూర్చుండిపోయింది. నేను ఒంటరినై దేశం దాటాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆ దేశపు రాజధాని టిబిలిసిలో మా కాపురం నాలుగో అంతస్తులో. రోలు లేదు గనక సంతలో కొన్న చెక్కగిన్నెలో వేసి దంచేవాళ్లు. నేను పైన ఒక దెబ్బ వేస్తే, కింది ఇంటి ముసలామె చీపురుకర్రతో పైకప్పును ఒక పోటు పొడిచేది. ఇరుగుపొరుగు అని మనుషులు దీన్నే అంటారు కాబోలు.

ధాత్రితో పాటు ఆ ఇంట్లో కడప అమ్మాయి రిజ్వానా ఉండేది. పై అంతస్తులో ఉండే భీమవరం కుర్రాడు ఫణీంద్ర వంట వాసన తగలగానే దిగొచ్చేవాడు. ముగ్గురూ ఒకే తరగతి. శనివారం వస్తే చాలు, ఇంటిపట్టున ఉండేవాళ్లు కాదు. ఎక్కడికి వెళ్లినా అక్కడికక్కడ మంట వేసి, టమాటాలూ మిరపకాయలూ కాల్చి, నాచేత నూరించి తినాల్సిందే. అంత దూరం కొండలు చూడటానికి వెళ్లి ముగ్గురూ గిన్నెలోకే చూస్తూ కూర్చునేవాళ్లు.

ఆ తిరుగుళ్లలో జరిగిన రభస అంతా ఇంతా కాదు. ఒకసారి బస్సు మమ్మల్ని మంచులో వదిలేసి పోయింది. ఇంకోసారి గొర్రెలమందకు కాపలా ఉన్న కుక్క ఒకటి, దూడంత ఉంది, కోరలు బయటపెట్టి మీదికి దూకింది. రిజ్వానా నన్ను గురిచూసి విసిరింది. కుక్క తప్పుకుంది, నేను వెళ్లి కాపరి పాలక్యానుకు చిల్లు పొడిచాను. తర్వాత కుక్కా కాపరీ కలిసి తరిమారు. ఫణీంద్ర పరుగులో నన్నే కాలితో తన్ని బొటనవేలి గోరు ఊడగొట్టుకున్నాడు. అప్పట్నుంచి నాకూ అతనికీ పడదు.

"ఈ బండని మొయ్యడం నావల్ల కాదే బాబూ. ఈసారి ఏట్లో పారేసొచ్చేద్దాం" అన్నాడు వేలికి కట్టు కట్టుకుంటూ.

"దాన్ని పారేస్తే నిన్ను గూడా పారేచ్చాం, సూడు" అంది రిజ్వానా.

వేసవి మొదట్లో ఉత్తరాన కొండలకు వెళ్దామని ఒక కారు అద్దెకు తెచ్చారు. ఆ దేశంలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయి. కానీ ఈ కారు జపాన్ నుంచి వచ్చిన పాతబండి, స్టీరింగు కుడిపక్కనే ఉంది. ఫణీంద్ర దాన్ని చూసి ఎగిరి గంతేశాడు.

"అచ్చం మన కారే! ఇక కళ్లు మూసుకుని నడిపేస్తా."

ధాత్రి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. అవి చితికిన చప్పుడు విని ముగ్గురూ తృప్తిపడ్డారు. ఎటుపక్క పోవాలో నిమ్మకాయ చెప్పదని ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున రోడ్డు నిండా బండ్లు, ముందుపోయే వాటి వెనకాలే ఫణీంద్ర కూడా పోయాడు. మధ్యాహ్నం ఒక ఏటి పక్కన ఆగి మంట వేశారు. మంచు కరిగి ఏరు బురదరంగులో పోటెత్తి పారుతోంది. నాచేత నూరించి, తిని, నన్ను కడిగి, తడి ఆరలేదని వెనక సీటులో ధాత్రి పక్కన పడేశారు. డిక్కీలో పెట్టమని ఫణీంద్ర అన్నాడు. ఎవరూ వినలేదు. రిజ్వానా ముందు సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

రోడ్డు మీద ఒక్క బండీ లేదు. కడుపు నిండా తిన్నవాడు, చేతిలో ఇంటి స్టీరింగు. అతని చేతులు వాటంతటవే కారును ఎడమపక్కకు తీసుకెళ్లాయి. మిగిలిన ఇద్దరూ ముందుకే చూస్తున్నారు. పుట్టినప్పట్నుంచీ చూసిన రోడ్డే గనక ముగ్గురికీ అది సరిగ్గానే కనిపించింది. రిజ్వానా అరటిపండు ఒలుస్తోంది.

మలుపులో ట్రక్కు ఎదురొచ్చింది.

ఫణీంద్ర ప్రాణభయంతో ఇంకా ఎడమకు తిప్పాడు. మన దగ్గర అందరూ తిప్పేది అటే. ట్రక్కు డ్రైవరు వాళ్ల అలవాటు ప్రకారం తన కుడికి తిప్పాడు. రెండూ ఒకే పక్క. ట్రక్కు మా ముందు చక్రాన్ని నలిపేసి, కారును గట్టు మీంచి గెంటేసింది. ఇనుము చీలిన చప్పుడు, మనుషుల కేకలు, అన్నీ ఒక్కటైపోయాయి. నేను గాల్లోకి లేచి ఫణీంద్ర ఎడమ భుజాన్ని కొట్టాను. ఎముక పటుక్కుమంది. నన్ను ఏట్లో పారేస్తానన్నవాడు నాతో పాటే ఏట్లో పడ్డాడు.

కారు ఎడమపక్కకు ఒరిగి రాళ్ల మధ్య ఇరుక్కుంది. రిజ్వానా కిందపక్కకు వచ్చింది, ఫణీంద్ర బెల్టుకు వేలాడుతూ పైన ఉన్నాడు. నీళ్లు బుసకొడుతూ లోపలికి వచ్చాయి. తలుపులు మెలితిరిగి బిగుసుకుపోయాయి, అద్దం దించే మీట పనిచెయ్యలేదు. రిజ్వానా బెల్టు ఊడటం లేదు. ఆమె నుదురు చిట్లి నెత్తురు కారుతోంది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఫణీంద్ర కుడిచేత్తో ఆమె జడ పట్టుకుని మొహాన్ని నీళ్లపైకి లాగాడు.

"ధాత్రీ, అద్దం పగలగొట్టు! మునిగిపోతందే!"

ధాత్రి మోచేత్తో కొట్టింది, చెప్పుతో కొట్టింది. తర్వాత నీళ్లలో చేతులు పెట్టి తడిమింది. నేను దొరికాను.

ఇప్పుడు తలమీదికి వచ్చిన వెనక తలుపు అద్దం మీద ఆమె నాతో కొట్టింది. మొదటి దెబ్బ మిరపకాయలు నూరినట్టే వేసింది, మెత్తగా. తిట్టుకున్నాను. నేను యల్లమంద సుత్తి తిన్నదాన్ని, నన్ను అలాగా వాడేది! ఆమె పళ్లు బిగించి మళ్లీ కొట్టింది. నా చివర పెచ్చు ఊడిపోయింది. అద్దం ఇంకా నిలిచే ఉంది. ఈలోగా నీళ్లు రిజ్వానా ముక్కును దాటాయి. ధాత్రి గొంతు చించుకుని అరుస్తూ అద్దం మూల మీద నన్ను దించింది. అద్దం పొడిపొడై ఆమె మొహం మీద రాలింది. నేను ఆ కన్నంలోంచి ఎగిరి ఒడ్డున రాళ్లలో పడ్డాను.

ట్రక్కు డ్రైవరు మెడలోతు నీళ్లలో ఈదుకుంటూ వచ్చి కత్తి అందించాడు. ధాత్రి బెల్టును కోసింది, అతను రిజ్వానాను కన్నంలోంచి లాగి ఒడ్డున పడేశాడు, వెనకే మిగిలిన ఇద్దరూ బయటపడ్డారు. ఆమె ఊపిరి తియ్యడం లేదు. పెదాలు నల్లబడ్డాయి.

ధాత్రి మోకాళ్ల మీద కూలబడి రిజ్వానా ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. వేళ్లలోంచి నెత్తురు ధారగా కారుతోంది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు కూడా వినపడింది.

"పక్కటెముక ఇరిగిందిరా ఫణీ!" అని ఏడ్చేసింది.

"ఇరిగితే ఇరిగింది! ఆపకే! ఇంకా గట్టిగా నొక్కు!"

ఆమె ఆపలేదు. ఇంకో ఎముక విరిగింది. కొట్టి బతికించడం నేను చూడటం అదే మొదలు. చివరికి రిజ్వానా నోట్లోంచి బురదనీళ్లు బుడుక్కుమన్నాయి. అయినా కళ్లు తెరవలేదు. అంబులెన్సు వచ్చి ముగ్గురినీ ఎక్కించుకుపోయింది. కారును గొలుసులేసి ఈడ్చుకుపోయారు. నన్ను ఎవరూ చూడలేదు. చుట్టూ బోలెడు రాళ్లు, వాటిలో నేనూ ఒక రాయిని.

అక్కడ పడి ఉన్న రోజుల్లో నాకు ఒక్కటే ధ్యాస. ఆ పిల్ల బతికిందా, లేదా? ఏటిని అడిగితే చెప్పదు. పక్కనున్న గులకరాళ్లకు మనుషుల సంగతి తెలియదు. నాకు భయమేసింది. రాయికి భయమేమిటని మీరు నవ్వొచ్చు.

ఎండలు ముదిరాక ఒక పగలు ఫణీంద్ర గట్టు దిగి వచ్చాడు. ఎడమచెయ్యి మెడకు కట్టి ఉంది. వంగి ఒక్కో రాయినీ తిప్పి చూస్తున్నాడు. గట్టు మీంచి ధాత్రి అరిచింది.

"ఎందుకురా, వేరేది కొనుక్కోవచ్చులే!"

"కుదరదే. దానికి ఆ బండే కావాలంట. ఆసుపత్రి కూడు తిననంటోంది."

అంటే బతికే ఉంది! నేను కాళ్లున్నదాన్నయితే లేచి గంతులేసేదాన్ని. అతను నా వెండి చుక్కలు చూసి నన్ను ఎత్తాడు. ఎత్తి, తన చొక్కాతో తుడిచి, అక్కడే కూర్చుని ఏడ్చాడు. "ఎడమకి తిప్పింది నేనే" అని నాతో అన్నాడు. నాతోనే అన్నాడు, పైనున్న ధాత్రితో అనలేదు.

రిజ్వానా ఇంటికొచ్చిన రోజున, ధాత్రి వద్దన్నా వినకుండా గిన్నె ముందు చతికిలబడింది.

"ఇట్టియ్యి. నేనే నూరతా."

దెబ్బ వేసినప్పుడల్లా ఆమె పక్కటెముక కలుక్కుమంటోంది, అబ్బా అంటూనే మళ్లీ వేస్తోంది. రెండో దెబ్బకే కిందినుంచి చీపురుకర్ర పోటు మొదలైంది. ధాత్రి క్షమాపణ చెప్పడానికి లేచింది.

"కొట్టనీబ్బా. ఆ యమ్మ గూడా ఇన్నాళ్లూ ఊరికే ఉండింది" అంది రిజ్వానా.

పెచ్చు ఊడిన చోట నేను ఇంకా రాలుతున్నాను. నూరితే పచ్చడిలో రాయి పడుతుంది. అది నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. రిజ్వానా మొదటి ముద్ద కలిపి, తలవంచుకుని గోడ పక్కన కూర్చున్న ఫణీంద్ర నోటికి అందించింది. అతను ఆమెకు ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఆమె ఆ నోట్లో ముద్ద పెట్టేసింది.

అతని పళ్ల కింద నా ముక్క కరకరమంది. నన్ను తిడతాడనుకున్నాను. కళ్లనీళ్లు పెట్టుకుని మింగేశాడు.