సేనాని మేక నూట పన్నెండు చావులు

ఆయన మేక గొంతు పెట్టి ఒక్క అరుపు అరిస్తే, మూడు వీధుల అవతల కట్టేసిన మేకలు పలుపులు తెంపుకుని గుమ్మంలో వచ్చి నిలబడేవట. మూడు వీధులంటే మీరు నమ్మరు కాబట్టి రెండనుకోండి. అంతకన్నా తగ్గించడం కుదరదు.

పద్దెనిమిదేళ్లు టీవీలో ఆడిన కార్టూన్‌లో సేనాని మేకకు గొంతు ఆయనదే. గిన్నె మూతలు కవచంలా కట్టుకుని, గరిటె ఝళిపిస్తూ, శత్రువు కనబడగానే తన సైన్యం వెనక నక్కే మేక అది. సైన్యమంటే రెండు కోళ్లు, ఒక తాబేలు. ఆ కార్టూన్ పుణ్యమా అని ఆయన అసలు పేరు జనం మరిచిపోయారు. పాలవాడికీ, పోస్టువాడికీ, పక్కింటివాళ్లకీ అందరికీ ఆయన మేకమామే.

కార్టూన్ ఆగిపోయాక, దాన్ని గేమ్‌గా తీస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆడేవాడు సేనాని మేక దగ్గర కొత్తగా చేరిన బంటు. ఊళ్లు తిరగాలి, యుద్ధాలు చెయ్యాలి, మెట్టు మెట్టుగా బలం పెంచుకోవాలి. మేక పక్కనే నడుస్తూ వాగుతుంటుంది. యుద్ధం ఓడిపోతే మాత్రం వాగుడు ఆపి చస్తుంది. ఆ చావు కూడా ఊరికే చావదు. గుండె పట్టుకుని, నేల మీద దొర్లి, వీలునామా చెప్పి, కోళ్లను దీవించి, అప్పుడు చస్తుంది. ఓడిన ప్రతిసారీ కొత్త చావు. అలాంటివి నూట పన్నెండు రాశారు.

ఆ మాటలన్నీ రికార్డు చేయించే పని మేకమామ బావమరిదిది. నెత్తిన వెంట్రుక లేదు గనక బావ అతన్ని గుండూ అని పిలుస్తాడు.

రికార్డింగు మొదలైన నెలకే మేకమామ గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు వచ్చిన రోజు హెడ్‌ఫోన్లలో అది విని గుండు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“బావా! ఏం చేశావు గొంతుకి?”

“చల్లగాలి తగిలిందిరా. రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే.”

“సర్దుకోవద్దు! ఇన్నేళ్లూ మేక మాట్లాడింది. ఇవాళ ముసలి మేక మాట్లాడింది. ఇలాగే ఉంచు. నీకు దణ్ణం పెడతాను.”

అప్పట్నుంచి కాగితాల అంచున ‘బొంగురు ఇంకాస్త’ అని ఎర్ర సిరాతో రాయడం మొదలుపెట్టాడు. కంపెనీలో బొమ్మలు గీసేవాళ్లు కూడా వచ్చి విని, “ఈ వయసులో కొత్త గొంతు పుట్టించాడయ్యా, మహానుభావుడు” అని ముక్కున వేలేసుకున్నారు. మేకమామ ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇంట్లో భార్య ఉప్పు వేసిన వేడినీళ్లు పుక్కిలించమని రోజూ గ్లాసు చేతికిచ్చేది. ఆయన గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయి, శబ్దం మాత్రం గొడగొడమని చేసి, నీళ్లు గోడ పక్కన పారబోసేవాడు. గొంతు బాగైపోతే రికార్డింగు చెడుతుందని ఆయన భయం.

“ఐదు నెలలైంది. డాక్టరు దగ్గరికి పోదాం పదండీ,” అంటుంది ఆవిడ.

“పోయి ఏమని చెప్పను? నా గొంతు అందరికీ నచ్చుతోంది, దీనికి మందివ్వండి అని చెప్పనా?”

“చెవి పోటని రోజూ అంటున్నారు కదా.”

“నీ తమ్ముడి పొగడ్తలు వినీ వినీ వచ్చిన పోటే అది.”

చివరి అధ్యాయం ఒక్కటి మిగిలింది, నలభై మాటలు. ఈలోగా కంపెనీవాళ్లు బయటివాళ్లను పిలిచి ఆట ఆడించి చూద్దామన్నారు.

ఆ పనికి వాళ్లకో పద్ధతి ఉంది. ఆడేవాళ్లను ఒక గదిలో కూర్చోబెడతారు. పక్కగదిలో అద్దం వెనక తయారుచేసినవాళ్లుంటారు. అటువైపు నుంచి చూస్తే అది అద్దమే, ఇటునుంచి చూస్తే కిటికీ. ఆడే మనిషి నవ్విన ప్రతిసారీ ఇక్కడ కాగితం మీద ఒక గీత గీస్తారు. జోకు బాగుందా అని మొహం మీద అడిగితే మర్యాదకి బాగుందంటారు గనక, అడగరు. ఆట అయ్యాక ఒక కాగితం ఇచ్చి అభిప్రాయం రాయమంటారు. తయారుచేసినవాళ్లు ఆడినవాళ్లకు కనబడకూడదన్నది గట్టి నియమం.

మేకమామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లివారి ముందు కూర్చున్నట్టు అద్దం వెనక కూర్చున్నాడు.

మొదట ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మొదటి చావుకే తొడ చరుచుకున్నాడు. గుండు కాగితం మీద ముప్ఫై నాలుగు గీతలు పడ్డాయి. ‘మేక గొంతు వింటుంటే మా డిపో మేనేజరు గుర్తొచ్చాడు, వాడు కూడా ఇలాగే చస్తే బాగుండు’ అని రాసిపోయాడు. తర్వాత ఒక లెక్కల టీచరు. ఆవిడ నవ్వు బయటికి రాదు, భుజాలే ఎగురుతాయి. భుజం ఎగిరితే గీత గీయాలా వద్దా అని గుండు కాసేపు బుర్ర గోక్కుని, అరగీత గీశాడు.

మూడోది ఒక నర్సు. నలభై దాటిన మనిషి. సెలవురోజని వచ్చింది. మొదట్నుంచీ ఆ కార్టూనంటే ఇష్టమట. మొదటి యుద్ధం ఓడింది. మేక దొర్లి దొర్లి చచ్చింది. ఆవిడ నవ్వలేదు. రెండోసారి ఓడింది. మూడోసారి కత్తి తీయకుండా నిలబడి మరీ ఓడింది.

“బావా, చూశావా! నీ చావు వినడానికే కావాలని ఓడిపోతోంది!”

“నవ్వడం లేదు కదరా.”

“లోపల నవ్వుతోందిలే. కొందరంతే.”

ఎనిమిదోసారికి ఆవిడ హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుంది, కళ్లు మూసుకుంది. పదకొండోసారి మేక చచ్చాక కంట్రోలర్ బల్లమీద పెట్టేసి కాగితం అడిగింది. రాసింది రెండు వాక్యాలే. అక్కడ పనిచేసే పిల్లెవరో తెచ్చి గుండుకిచ్చింది. అతను హుషారుగా పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘ఈ గొంతు మనిషి ఎన్నాళ్లుగా ఇలా మాట్లాడుతున్నాడు? నేను ఇరవై రెండేళ్లుగా గొంతు వార్డులో పనిచేస్తున్నాను, ఆయనతో ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి.’”

చదివాక గుండు మళ్లీ మొదటి వాక్యం మీదికి వెళ్లాడు. 

“నియమం ఉందని చెప్పరా,” అన్నాడు మేకమామ.

“నియమం ఉంది,” అన్నాడు గుండు. అని, లేచి తలుపు తీశాడు.

మేకమామ ఆడే గది గుమ్మంలోకి వచ్చి, అలవాటు కొద్దీ మేక గొంతుతోనే, “ఎవరమ్మా, నా చావు పదకొండుసార్లు చూసిన వీరవనిత?” అన్నాడు. ఆ జోకుకి నవ్వని మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు.

“ఇప్పుడు మీ మామూలు గొంతుతో మాట్లాడండి, అన్నగారూ.”

“ఇదేనమ్మా మామూలు గొంతు.”

“మింగుతుంటే అడ్డం పడుతోందా?”

“అన్నం కాస్త మొండికేస్తోంది.”

“చెవి పోటుందా?”

మేకమామ తలతిప్పి గుండు వైపు చూశాడు. గుండు నేల చూపులు చూస్తున్నాడు.

“రేపు ఉదయం ఎనిమిదింటికి రండి. నేను డ్యూటీలో ఉంటాను,” అంది నర్సు.

మర్నాడు డాక్టరు గొట్టం గొంతులోకి దింపి చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. వారం తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టాడు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. గొంతు కింద చిల్లు పెడతారు, ఇకమీదట ఊపిరి అక్కణ్ణుంచే. ప్రాణానికి ఇంకా అవకాశముంది, మాటకు లేదు.

“మూడు నెలల ముందొచ్చుంటే కిరణాల వైద్యంతో సరిపోయేదేమో. ఇంత బొంగురు పోతే ఎవరూ పట్టించుకోలేదా?”

“పట్టించుకున్నారండీ,” అంది భార్య. “కంపెనీ కంపెనీ అంతా వచ్చి మెచ్చుకున్నారు.”

గుండు అక్కడ్నుంచి లేచి వరండాలోకి పోయాడు. కాసేపటికి మేకమామ వెళ్లి చూస్తే గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు.

“గోడ కూలుతుందిరా గుండూ. నీ తల సంగతి నాకు తెలుసు.”

“ఎర్ర సిరాతో రాశాను బావా. ప్రతి కాగితం మీదా రాశాను.”

“రాస్తే చేశాను. నీళ్లు పారబోసింది నువ్వా, నేనా?”

ఆపరేషను సోమవారం. దానికి ముందు శుక్రవారం మేకమామ ఇస్త్రీ చొక్కా వేసుకుని రికార్డింగుకి బయల్దేరాడు. నలభై మాటలు మిగిలాయన్నాడు. భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

“మూడు రోజుల గొంతుంది. అది కూడా మేకకేనా?”

“మధ్యలో వదిలేస్తే ఎలాగే? పద్దెనిమిదేళ్ల పని.”

“మరి నాకు ముప్ఫై ఒక్కేళ్లు.”

ఆయన చెప్పులు విప్పలేదు, గుమ్మం దాటలేదు. చివరికి ఆవిడే చెప్పులు తొడుక్కుని, “నేనూ వస్తాను, పదండి,” అంది.

రికార్డింగు గదిలో స్టాండు మీద కాగితాల్లేవు. మైకొక్కటే ఉంది.

“మాటలేవిరా?”

“మేకతో పని అయిపోయింది బావా,” అన్నాడు గుండు అద్దం అవతల్నుంచి. పక్కన అక్కని కూర్చోబెట్టుకున్నాడు. “నీ సొంత గొంతుతో అక్కతో మాట్లాడు. ఏదైనా సరే. నేను రికార్డు చేసి ఉంచుతాను. తర్వాత అక్క వింటూ ఉంటుంది.”

రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. మేకమామ గొంతు సవరించుకున్నాడు. భార్య వైపు చూసి నోరు తెరిచాడు.

“ఓ నా సైన్యాధ్యక్షురాలా!”

మేక గొంతే. భార్య తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పెళ్లిరోజు సంగతి చెప్పబోయాడు. అదీ మేకే చెప్పింది. పెళ్లిపీటల మీద మేక కూర్చున్నట్టయింది. కళ్లు మూసుకుని చూశాడు, మైకుకు వీపు తిప్పి చూశాడు, నెమ్మదిగా మాట్లాడి చూశాడు, గట్టిగా మాట్లాడి చూశాడు. ఎర్రదీపం ముందు పద్దెనిమిదేళ్లుగా మేక తప్ప మరొకరు మాట్లాడలేదు. ఆ దీపం వెలిగితే మనిషి పక్కకు తప్పుకోవడం ఆయన ఒంటికి అలవాటైపోయింది. మనిషి ఎక్కడికి పోయాడో ఇప్పుడు వెతికితే కనబడటం లేదు.

“దీపం ఆర్పనా బావా?”

“నువ్వుండరా!” ఆయన నుదురు తుడుచుకున్నాడు. “నా గొంతు ఎలా ఉండేదే అసలు? నువ్వైనా చెప్పు.”

అది కూడా మేక గొంతుతోనే అడిగాడు. భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

గంటన్నర గడిచింది. గొంతు నొప్పి ఎక్కువైంది. మేకమామ ఓడిపోయినవాడిలా స్టూలు మీద కూలబడి, జేబులు తడుముకుని, తాళంచెవి బయటికి తీసి చూసుకున్నాడు. తలెత్తకుండా, ఎవరితోనో అన్నట్టు,

“గ్యాస్ కట్టేశావా?” అన్నాడు.

గరుకుగా, చిన్నగా, కాస్త విసుగ్గా వచ్చింది ఆ గొంతు. మేక లేదు అందులో. అద్దం అవతల భార్య లేచి నిలబడి, మాట లోపలికి వినిపించే మీట నొక్కింది.

“కట్టేశానండీ.”

“తలుపు గడియ?”

“అదీ వేశాను.”

“సరే,” అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా మళ్లీ మేకే వచ్చింది.

ఆపరేషను బాగానే జరిగింది. గొంతు కింద రూపాయి బిళ్లంత చిల్లు. దాని మీద గుడ్డ. నాలుగు నెలలకు ఆట బజార్లోకి వచ్చింది. చివరి అధ్యాయంలో మాటల్లేవు గనక, గుండు దగ్గరుండి బొమ్మలవాళ్లతో మేకను మూగదాన్ని చేయించాడు. అందులో మేక నోరు తెరుస్తుంది, శబ్దం రాదు. కాళ్లతో, చెవులతో, తోకతో సైగలు చేస్తుంది. బంటుకి ఒక్కటీ అర్థం కాదు. మరొకడి చేత ఆ నలభై మాటలు చెప్పించమని కంపెనీవాళ్లు ఎంత చెప్పినా అతను వినలేదు.

ఆడినవాళ్ల అభిప్రాయాలు వందల కొద్దీ వచ్చాయి. ఒక మధ్యాహ్నం గుండు అవి తెచ్చి, బావ మంచం పక్కన కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. యుద్ధాలు మరీ సులువని ఒకడు. తాబేలుకి అన్యాయం జరిగిందని ఒకావిడ. బొంగురు గొంతు బంగారమని చాలామంది. గుండు ఆ మాట వచ్చినచోటల్లా దాటేస్తుంటే మేకమామ మంచం పట్టె మీద వేలితో కొట్టి వెనక్కి తిప్పించాడు.

“‘అన్నిటికన్నా చివరి అధ్యాయం అదిరింది,’” గుండు చదివాడు. “‘వాగుడుకాయ మేకకు మాట పడిపోవడం, అది చెప్పాలని గింజుకోవడం, ఎవరికీ అర్థం కాకపోవడం... కడుపు నొప్పొచ్చేలా నవ్వాం. మా ఇంట్లో అందరం కూర్చుని మళ్లీ మళ్లీ చూశాం. ఈ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ’ ...”

అక్కడితో ఆగిపోయాడు.

మంచం మీద మేకమామ గుడ్డ కింద గాలి సన్నగా ఈల వేసింది. ఈ నాలుగు నెలల్లో భార్య ఆ ఈలలు పోల్చుకోవడం నేర్చుకుంది. దగ్గయితే ఒక తీరు, నవ్వయితే ఒక తీరు. ఇది ఆ రెండూ కాదు. ఆవిడ దగ్గరికి జరిగి చిల్లు చుట్టూ తడి ఒత్తింది.

“ఇక ఆపరా,” అంది తమ్ముడితో.

మేకమామ ఆవిడ చెయ్యి పక్కకు జరిపి, చదవమని గుండుకి సైగ చేశాడు. గుండుకి అర్థమైంది గానీ కానట్టు కూర్చున్నాడు. ఆయన మళ్లీ సైగ చేశాడు, కాగితం వైపు, తన చెవి వైపు, మళ్లీ కాగితం వైపు.

గుండు తర్వాతి కాగితం తీశాడు.