కురమోచి తొట్టి నీళ్ళు

మా ఊరి వేడినీళ్ళ బుగ్గ పండుగలో ఒక ఆచారం ఉంది. సొంత స్నానపు తొట్టి ఉన్న ప్రతి సత్రం యజమానీ తన తొట్టి నీళ్ళు బుగ్గ దేవత గుడి ముందు, ఊరంతా చూస్తుండగా, ఒక గుక్క తాగాలి. మా నీళ్ళు మంచివి, వచ్చి మునగండి అని చెప్పడమన్నమాట. ఆ నీళ్ళు చెక్క ముంతలో తెచ్చి యజమాని చేతికందించే పని ఊరి ఆడవాళ్ళది, ఏడాదికొకరి వంతు. ఈ ఏడు ఆ వంతు నాకు వచ్చింది. దానికోసం ఆరేళ్ళు కాచుకుని కూర్చున్నాను.

ఆరేళ్ళ కిందట కురమోచి సత్రంలో దిగిన తొమ్మిదిమంది యాత్రికులకు జ్వరాలు పట్టుకున్నాయి. ఒకావిడ చావు తప్పి బయటపడింది. ఊరి సమావేశంలో సత్రం యజమాని కురమోచి కళ్ళు తుడుచుకుంటూ లేచి, గొట్టాలు కడిగే యసుహరు అశ్రద్ధ చేశాడని చెప్పాడు. యసుహరు మా ఆయన. కొండమీది బుగ్గ నుంచి దిగే గొట్టాల్లో ముప్పై ఏళ్ళు చెయ్యి పెట్టి గార గీకిన మనిషి. నోట్లో నాలుక లేనివాడు, తలవంచుకుని కూర్చున్నాడు. ఊరి స్నానశాల తాళంచెవి ఇచ్చెయ్యమంటే ఇచ్చేశాడు. ఆ తర్వాత బతికిన మూడు శీతాకాలాలూ ఇంట్లో పొయ్యిమీద కాచిన నీళ్ళే పోసుకున్నాడు గానీ స్నానశాల గడప తొక్కలేదు. నా కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఈ ఏడు వంతు నాదని తెలియగానే వెళ్ళి కురమోచి సత్రంలోనే తువ్వాళ్ళు ఉతికే పనికి చేరాను. పాపం, మొగుడు పోయాడు, పొట్టకూటికి వచ్చిందనుకున్నాడు మహానుభావుడు.

అక్కడ గోడనిండా బోర్డులు. ముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కోండి, తువ్వాలు నీళ్ళలో ముంచకండి, బుగ్గను గౌరవించండి అని నాలుగు భాషల్లో. వచ్చినవాళ్ళు పీటమీద కూర్చుని ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకుని, జుట్టు ముడేసుకుని, భక్తిగా దిగేవారు. ఎందులోకి? ఆ తొట్టి అడుగున నీళ్ళు వదిలే మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. వారానికోసారి మార్చాల్సిన నీళ్ళు మోటారులో తిరిగి తిరిగి మళ్ళీ అవే వస్తున్నాయి. పాత పనిమనిషిని కదిపితే, పదేళ్ళుగా ఇంతేనంది.

పండుగ నీళ్ళ సంగతీ ఆవిడే చెప్పింది. ఏటా ఆ పొద్దున కురమోచి తన మనిషిని కొండమీదికి పంపి, తాజా బుగ్గ నీళ్ళు తెప్పించి ముంతలో పోయిస్తాడట. ఈసారి ఆ ముంత నా చేతికి రాగానే నీళ్ళు పారబోసి, తొట్టిలో ముంచి నింపాను.

గుడి ముందు కురమోచి పండుగ కోటు వేసుకుని, అందరికీ వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు. ముంత అందుకుని పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. వాసన తగిలింది.

"వదినగారూ, ఈ నీళ్ళెక్కడివి?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడివేంటి, మీ తొట్టివే. ఇందాకే నా చేత్తో ముంచాను. తాగండి" అన్నాను, వెనక వరుసదాకా వినబడేట్టు.

మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ మొహంమీద నిలదీయరు. అందరూ నేల చూశారు. కానీ ఒక్కరూ కదల్లేదు. ఒక్క గుక్కే కదా, తాగేస్తే బయటపడేవాడే. తాగలేకపోయాడు. ఆ నీళ్ళ సంగతి మా అందరికంటే అతనికే బాగా తెలుసు.

"తాగలేకపోతే, ఆ జ్వరాలు ఎందుకొచ్చాయో చెప్పండి" అన్నాను.

ముంత కిందపెట్టి మోకాళ్ళమీద కూలబడ్డాడు. యసుహరు తప్పేం లేదని, నీళ్ళు మార్చనిది తానేనని గొణిగాడు. ఆ మాట ముందు వరుస మాత్రమే విన్నది. నాకది చాల్లేదు. గుడి వెనక ఏటవాలులో ఊరి సమాధులున్నాయి, మా ఆయనది మూడో వరుసలో.

"అటు తిరిగి, కాస్త గట్టిగా చెప్పండి" అన్నాను. "మా ఆయనకి చెవుడు."