పద్మం గీసిన గొట్టం

మట్టి గొట్టాన్ని నేను. మూరెడు పొడవు, ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. కృష్ణ ఒడ్డున, ఇప్పుడు పేరు కూడా మిగలని ఒక నగరంలో, కుమ్మరి హంఘి నన్ను చేసింది. మా వరసకు ఒకటే నియమం: వెడల్పు నోరు నీళ్ల తొట్టి వైపు ఉండాలి, సన్నటి కొస ముందున్న గొట్టం నోట్లో దూరాలి. అప్పుడే మంచినీళ్లు చుక్క కారకుండా కింది వీధికి చేరతాయి.

ఆ కింది వీధికే హంఘి కూతురు సామ కాపురానికి వెళ్లింది. వెళ్లిన రోజున చేసిన గొట్టాన్ని నేను. హంఘికి బెంగ ఆగలేదు కాబోలు, నా వెడల్పు అంచున పుల్లతో చిన్న పద్మం గీసింది. మనుషులు ఏడవడానికి బదులు ఏదో ఒకటి చేస్తారు.

మమ్మల్ని పూడ్చిన రేవతుడు భక్తిపరుడు. పద్మాన్ని చూసి చేతులు జోడించి, అది కింది వీధి చివరనున్న బౌద్ధ చైత్యం వైపు ఉండేలా నన్ను తిప్పేశాడు. అతుకు కుదరని చోట సున్నం దట్టంగా మెత్తాడు. పక్కనే, జానెడు దూరంలో మురుగు కాలువ. సున్నం ఎన్నాళ్లు ఆగుతుంది? తొలకరికి పగిలింది. మురుగు నాలోకి ఊరింది. అరిచే నోరు కాదు నాది. పోయే ప్రతి చుక్కా సామ కుండలోకే పోతోందని మాత్రం తెలుసు.

సామ వాంతులతో మంచం పట్టిందని విని హంఘి గునపంతో వచ్చింది. తడిసిన నేల తవ్వి నన్ను చూసింది.

"ఎవడ్రా దీన్ని తిరగేసింది?"

"నేనే అక్కా. పద్మం చైత్యానికి వీపు పెడితే పాపం కదా!" అన్నాడు రేవతుడు.

"పుణ్యం నీకూ, మురుగు నా బిడ్డకూనా?"

అతను ఆమె చేతిలోని గునపం అందుకున్నాడు. ఆమె కోపమూ నిలవలేదు. "గీసింది నేనేలే. గొట్టానికి సింగారమేంటి, నా మొహం!"

నన్ను ఊడదీయడానికి సున్నాన్ని పగలగొడుతుంటే నా అంచు పగిలింది. నా చోట బోసి గొట్టం వచ్చింది; నన్ను పెంకుల దిబ్బ మీద పారేశారు. అక్కడినుంచి తొమ్మిది రోజులు చెవి ఒగ్గాను. పదో రోజు సామ గొంతు, నీరసంగా: "కుండ నేనే మోస్తాలేవే అమ్మా, ఇటివ్వు!" ఆ తరవాత నా మీద పెంకులు పేరుకున్నాయి; ఆ గొంతు మళ్లీ వినలేదు.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. "మురుగు గొట్టం" అని చీటీ పెట్టారు. అబద్ధమని గట్టిగా అనలేను.

నిన్న ఊడ్చే మనిషి పద్మాన్ని చూసి చెంపలు వేసుకుంది. "అయ్యో, స్వామికి వీపు పెట్టిందే ఇది!" అంటూ నన్ను మెల్లగా మూలనున్న బుద్ధుడి వైపు తిప్పింది.

అప్పటినుంచీ నాకు కుదురు లేదు. ఆ వైపు ఎవరి కుండ ఉందో.